వెర్నా ఇంట్లో డిన్నర్

అలేఖ్య మా ఊరికి వచ్చిన వేసవిలో నేను పడ్డ కుళ్ళు ఇంతా అంతా కాదు. దానికి అసూయ అనే మర్యాదైన మాట ఒకటుందని నాకూ తెలుసు. అసూయ గొప్పవాళ్ళు పడతారు. నాది అచ్చంగా కుళ్ళే. పైకి నవ్వు మొహం పెట్టుకుని లోపల కుతకుతా ఉడికిపోయే రకం.

మా ఊరంటే నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న విల్లోఫోర్డ్. ధాన్యం నిలవచేసే ఎత్తైన తెల్లటి గోదాములు, ఒక పోస్టాఫీసు, మూడు చర్చిలు, ఆగమనీ పొమ్మనీ చెప్పకుండా ఊరికే మిణుకుమిణుకుమనే ఒక్క ట్రాఫిక్ లైటు. అంతే ఊరు. మా ఆయన చక్రధర్ అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు. వీసా కోసం మూడేళ్ళు పనిచేస్తే చాలని వెళ్ళి ఏడేళ్ళు ఉండిపోయాం. ఆయన పేరు నోరు తిరగక అందరూ డాక్టర్ చక్ అనేవారు. నా పేరు రాధారాణి. దాని జోలికి ఎవరూ పోలేదు. నేను మిసెస్ డాక్టర్‌ని.

మంచి ఊరే, కాదనను. రోడ్డు మీద ఎదురైన ప్రతివాడూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపి పలకరిస్తాడు. ఆగస్టులో కారుకి తాళం వేయకపోతే ఎవరో ఒకరు సీటు నిండా దోసకాయల్లాంటి జుకినీలు పడేసి పోతారు. రోజూ పగలు పన్నెండు కొట్టేసరికి ఫైర్ స్టేషన్ మీద సైరన్ కూస్తుంది. మొదటి రోజు అది విని టోర్నడో వచ్చేసిందనుకుని, పిల్లను చంకనేసుకుని బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాను. తర్వాత అలవాటైపోయింది. ఎందుకు కూస్తుందని మాత్రం ఎవర్నీ అడగలేదు.

మా ఎదురింట్లో వెర్నా ఉండేది. డెబ్భై దాటిన మనిషి. పొలం కొడుకుల చేతిలో పెట్టి, భర్త హెరాల్డ్‌తో ఊళ్ళోకి మారింది. ఊరికంతటికీ పెద్ద దిక్కు. ఎవరింట్లో చావైనా పురుడైనా మొదట గడప తొక్కేది ఆవిడ కూరగిన్నే. ఆవిడ వంటింటి కిటికీ సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉండేది. పొద్దున్నే ఆ వంటింట్లో టేబుల్ చుట్టూ ఎవరో ఒకరు కూర్చుని కాఫీ తాగుతూ ఉండేవారు. నేను ఇటు గిన్నెలు కడుగుతూ చూస్తూ ఉండేదాన్ని. ఆ టేబుల్ దగ్గర నాకూ ఒక కుర్చీ కావాలని ఉండేది. ఏడేళ్ళలో అది నాకు దొరకలేదు.

దొరకకపోవడానికి కారణం కూడా నాకు బాగా తెలుసనుకున్నాను. మేం వచ్చిన మొదటి వేసవిలో వెర్నా వచ్చి, ఆదివారం డిన్నర్‌కి అందరూ రండి అని పిలిచింది. నేను పొంగిపోయాను. ఎలాగూ రాత్రి భోజనమే కదా అని పొద్దున్నే కారేసుకుని దూరంగా ఉన్న గ్రాండ్ ఐలండ్ పట్నం పోయి పూలగుత్తి కొనుక్కొచ్చాం. మూడింటికి తిరిగొచ్చి, సాయంత్రందాకా నుంచుని బొబ్బట్లు చేశాను. పట్టుచీర కట్టుకుని, రెండేళ్ళ నైనికకి పట్టులంగా వేసి, ఏడింటికి రోడ్డు దాటి వెళ్ళి తలుపు కొట్టాం. ఎవరూ తీయలేదు. ఇంట్లో దీపం లేదు. ట్రక్కు లేదు. ఎండింకా పోలేదు కాబట్టి వీధిలో వాళ్ళందరూ మమ్మల్ని చక్కగా చూశారు.

“ఏదో పని పడి ఉంటుంది లేవోయ్” అన్నారు మా ఆయన.

“పిలిచి మొహం చాటేస్తారా? ఇంక చచ్చినా ఆ గడప తొక్కను” అన్నాను.

మర్నాడు వెర్నా ఎప్పటిలాగే చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. దాని గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత ఏటా వసంతంలో మా గుమ్మంలో గిన్నెతో రూబార్బ్ కాడలు పెట్టి పోయేది. అవి పుల్లపుల్లగా గోంగూర కాడల్లా ఉంటాయని కనిపెట్టి నేను పప్పులో వేసేదాన్ని, పచ్చడి చేసేదాన్ని. గిన్నె కడిగి ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. అలేఖ్య రావడానికి మూడేళ్ళ ముందు హెరాల్డ్ పోయినప్పుడు చర్చికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని వచ్చాను. అంతవరకే మా స్నేహం.

రెండు వేల తొమ్మిది మే నెలలో, ఊరి బయట ఇథనాల్ ప్లాంట్‌లో ఫణి అనే ఇంజినీరు చేరాడు. హనుమకొండ అబ్బాయి. అతని భార్యే అలేఖ్య. ఊళ్ళోకి మరో తెలుగు మనిషి వస్తోందని నేను రెండు రోజులు నిద్రపోలేదు. గుత్తి వంకాయ చేశాను, సాంబారు చేశాను, రూబార్బ్ పచ్చడి నూరాను. ఆ అమ్మాయి మా సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని గిన్నె నాకినంత పని చేసింది.

“అక్కా, ఈ పచ్చడి అచ్చం పుంటికూర తొక్కు లెక్కనే ఉన్నది. ఎట్ల చేసిన్రు? నాక్కూడా చెప్పున్రి.”

చెప్పాను. ఎండుమిర్చి ఎన్ని, ఇంగువ ఎప్పుడు, కాడలు ఎంతసేపు మగ్గాలి, అన్నీ చెప్పాను. నా చేతులతో నేనే చెప్పాను.

పది రోజులు తిరక్కుండానే పోస్టాఫీసులో బెట్టీ అనే ఆవిడ నన్ను ఆపి, “అలీ చేసిన రూబార్బ్ రెలిష్ తిన్నారా మిసెస్ డాక్టర్? వెర్నా బ్రెడ్ మీద రాసుకుని తింటోంది. కారానికి కళ్ళమ్మట నీళ్ళు వస్తున్నా వదలడం లేదు!” అంది.

అలీ ఎవరో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. వచ్చిన పది రోజులకే ఆ పిల్లకి ముద్దుపేరు! నా పచ్చడికి ఇంగ్లీషు పేరు! ఏడేళ్ళుగా నేను ఎవరికీ రుచి చూపించకుండా, వాళ్ళు కారం తినలేరులే అని దాచుకున్న పచ్చడి అది. ఒళ్ళు భగ్గుమంది. స్టాంపులు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత మా వంటింటి కిటికీ నాకు నరకమైపోయింది. పొద్దున్నే చూస్తే వెర్నా టేబుల్ దగ్గర అలేఖ్య ఉండేది. పిండి పిసుకుతూనో, చెర్రీ పళ్ళలో గింజలు తీస్తూనో, ఏమీ లేకపోతే ఊరికే చేతులు తిప్పుతూ కబుర్లు చెబుతూనో. వెర్నా నవ్వితే భుజాలు ఊగుతాయని నాకు అంతకుముందు తెలియదు. జూన్‌లో ఒక సాయంత్రం అలేఖ్య పళ్ళెంలో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ అనే తీపి రొట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“నేనే చేసిన అక్కా. వెర్నా నేర్పిచ్చింది. తిని చెప్పున్రి.”

తిన్నాను. అద్భుతంగా ఉంది. అడుగు పొర నోట్లో వేసుకుంటే కరిగిపోతోంది.

“బాగానే ఉంది కానీ అడుగు కొంచెం మాడినట్టుందమ్మాయ్” అన్నాను.

“మాడలేదు అమ్మా, ఇట్స్ పర్ఫెక్ట్. నేను ఇంకో పీస్ తీసుకుంటాను” అంది నైనిక. తొమ్మిదేళ్ళ పిల్లకి తల్లి పరువు గురించి ఏం పట్టింపు! పైగా, “అలేఖ్య ఆంటీ, నెక్స్ట్ టైమ్ నేను కూడా వెర్నా హౌస్‌కి రావచ్చా?” అని అడిగింది.

“రా బిడ్డా, నువ్వొస్తే ఆమె ఎంత ఖుషీ అయితదో” అంది అలేఖ్య, ఆ ఇల్లేదో తనదైనట్టు.

మా ఎదురింటికి నా కూతురు వెళ్ళడానికి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అనుమతి ఇవ్వాలి! ఆ రాత్రి మిగిలిన పై మా ఆయన తింటూంటే ఆయన మీద కూడా కోపం వచ్చింది.

జూలై చివర్లో కౌంటీ ఫెయిర్ వచ్చింది. మన జాతరలాంటిదే. పందులకీ దూడలకీ పోటీలు, ట్రాక్టర్ల పందేలు, దుమ్ము, పాప్‌కార్న్ వాసన. అందులో వెర్నా వాళ్ళ చర్చి ఆడవాళ్ళు నడిపే పై దుకాణానికి పెద్ద పేరు. ఆ బల్ల వెనక ఏ ఆడదైనా ఏప్రన్ కట్టుకుని నిలబడ్డదంటే ఆవిడ ఆ ఊరి మనిషి అన్నట్టు. ఎక్కడ పుట్టిందన్నది ఇంక లెక్కలోకి రాదు. ఏటా నేను బల్లకి ఇవతల నిలబడి రెండు ముక్కలు కొనుక్కుని వచ్చేదాన్ని.

ఆ ఏడు బల్ల వెనక, వెర్నా పక్కన, అలేఖ్య ఉంది. గళ్ళ ఏప్రన్, జుట్టు పైకి ముడి, చెంప మీద పిండి. ఏప్రన్ మీద కుట్టుపనితో ‘అలీ’ అని రాసి కూడా ఉంది. ఆ కుట్టు వెర్నాదే. ఆవిడ చేతిపని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

“అక్కా! రండ్రి రండ్రి! చెర్రీ కావాల్నా, పీచ్ కావాల్నా?” అని అరిచింది అలేఖ్య.

వెర్నా కూడా తలెత్తి నవ్వి, “మీకు ఏ ముక్క కోయమంటారు మిసెస్ డాక్టర్?” అంది.

ఏదో ఒకటి వేలెత్తి చూపించాను. పై ముక్క పట్టుకుని గుర్రాల షెడ్డు వెనక్కి వెళ్ళి, తినకుండా చెత్తడబ్బాలో పడేశాను. కళ్ళు తుడుచుకున్నాను. అంత చిన్నదానికి అంత ఏడుపేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

ఇంటికి రాగానే, “ఏవండీ, ప్లెయిన్స్‌బరో దగ్గర ఉద్యోగం అన్నారే, దానికి సరేనని చెప్పేయండి” అన్నాను.

ఆయన తెల్లబోయారు. న్యూజెర్సీలో మా తోటికోడలు వాళ్ళున్న చోట ఆసుపత్రి వాళ్ళు వసంతం నుంచీ అడుగుతున్నారు. ఆయనకు వెళ్ళాలని లేదు. ఊరంతటికీ తనే డాక్టరు, కనిపించిన ప్రతి ముసలాయన మోకాలూ ఆయనకి తెలుసు.

“ఉన్నట్టుండి ఏమొచ్చింది రాణీ? ఇక్కడ బాగానే ఉన్నాం కదా.”

“మీరు బాగున్నారు. ఏడేళ్ళనుంచి ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నాకెవరున్నారిక్కడ?”

“అలేఖ్య వచ్చిందిగా?”

ఆ మాటతో నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఏమేమి అన్నానో రాయను. వారంలోగా ఆయన అక్కడ ఒప్పుకున్నారు. ఇక్కడ ఆసుపత్రివాళ్ళకి చెప్పేశారు. వాళ్ళు బాధపడుతూనే వేరే డాక్టరుని మాట్లాడుకున్నారు. నైనిక రెండు రోజులు అన్నం మానేసింది. నేను మాత్రం గెలిచినదానిలా అట్టపెట్టెలకి టేపులు వేస్తూ తిరిగాను.

ఆగస్టులో ఒక పొద్దున నేను గాజు గిన్నెలు కాగితాల్లో చుడుతుంటే అలేఖ్య వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేం వెళ్ళిపోతున్నామని ఏడ్చినట్టుంది. నాకు అదీ కోపంగానే ఉంది.

“అక్కా, వచ్చే ఐతారం వెర్నా మీ అందరినీ డిన్నర్‌కు పిలవమన్నది. ఆమెనే వచ్చేది గానీ, మీరు వస్తరో రారో అని మోమాటపడుతున్నది. సైరన్ కొట్టంగనే రావాలె.”

“రాత్రిపూట సైరనేమిటి?” అన్నాను.

“రాత్రి కాదక్కా! డిన్నర్ అంటే పగటిపూట కదా. రాత్రి తినేదాన్ని సప్పర్ అంటరు ఈ ముసలోళ్ళు. నేను కూడా మొదటిసారి పరేషానై, ఏ టైముకు రావాలె అని ఫోన్ చేసి అడిగిన. ఆమె ఒకటే నవ్వుడు.” అలేఖ్య ఒక గిన్నె అందుకుని కాగితం చుట్టసాగింది. “మీకు ఎరుకనే గదా. ఏడేండ్ల సంది ఉంటున్నరు.”

చేతిలో ఉన్న గిన్నెని నేను ఇంకో కాగితంలో చుట్టాను. దాని మీద మరొకటి చుట్టాను.

“తెలుసులే” అన్నాను.

కాసేపటికి సైరన్ కూసింది. ఎదురింటి కిటికీలో వెర్నా లేచి, స్టవ్ మీంచి ఏదో దించి, ఒక్కత్తే టేబుల్ దగ్గర కూర్చుంది. ఏడేళ్ళుగా రోజూ ఆ కూతకే ఆవిడ అలా లేవడం నేను చూస్తూనే ఉన్నాను.

ఆదివారం సైరన్ ఇంకా ఆగకముందే రోడ్డు దాటాం. ఫణికి ప్లాంట్‌లో డ్యూటీ. అలేఖ్య అప్పటికే అక్కడ ఉంది. తలుపు తీసి వెర్నా నా రెండు చేతులూ పట్టుకుని, “రాధారాణీ” అంది. అక్షరం పొల్లుపోకుండా, అచ్చం హనుమకొండ యాసలో అంది. ఎవరు నేర్పారో అడగక్కర్లేదు. సంతోషంలో కూడా నాకొక ముల్లు గుచ్చుకుంది.

టేబుల్ మీద మొక్కజొన్న పొత్తులు, ఆలుగడ్డ ముద్ద, టమాటా ముక్కలు, చిక్కుడుకాయల కూర. గోడకి హెరాల్డ్ టోపీ ఇంకా తగిలించే ఉంది. వెర్నా కూర గిన్నె నా వైపు జరిపి, “భయపడకండి, మీరు మాంసం తినరని ఈసారి కూడా బీన్స్‌లో బేకన్ వేయలేదు” అంది.

“ఈసారి కూడా అంటే? బిఫోర్ ఎప్పుడు వచ్చాం మనం?” అంది నైనిక.

వెర్నా గరిటెతో నైనిక పళ్ళెంలో కూర వేసింది. “మీరు కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి పిలిచాను. నువ్వు చిన్నపిల్లవి. డాక్టర్‌గారికి అర్జంటు కేసు ఏదో వచ్చి ఉంటుంది, మీ కారు కూడా లేదు. రెండింటిదాకా చూశాం. హెరాల్డ్ ఆ రోజు టై కట్టుకున్నాడు. పెళ్ళికీ చావుకీ తప్ప కట్టని మనిషి.” నవ్వడానికి ప్రయత్నించింది. “తర్వాత మీరేమీ అనలేదు. మా తిండి మీకు పడదేమో, మళ్ళీ పిలిచి ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. బేకన్ లేని ఆ బీన్స్ హెరాల్డ్ వారమంతా గొణుక్కుంటూ తిన్నాడు.”

మా ఆయన నా వైపు చూశారు. నేను పళ్ళెంలోకి చూస్తున్నాను. మొహమాటం మన కృష్ణాజిల్లా సొత్తనుకునేదాన్ని.

“మేం వచ్చాం” అన్నాను. “ఆ రోజే. సాయంత్రం ఏడింటికి. బొబ్బట్లు చేసుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చి మీ తలుపు కొట్టాం.”

“ఏడింటికా?” అంది వెర్నా. ఆవిడకి అర్థం కావడం మొహంలో కనిపించింది. “ఆదివారం సాయంత్రం చర్చిలో పాటలు. మేం అక్కడ...” గరిటె కింద పెట్టేసింది. “ఓ, హనీ” అంది.

అలేఖ్య ఫక్కున నవ్వబోయి, నా మొహం చూసి నోరు మూసుకుంది. గబగబా లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. కప్పులు ఏ అలమరలో ఉంటాయో వెతుక్కోలేదు. చెంచాలు ఏ సొరుగులో ఉంటాయో అడగలేదు. నేను కూర్చునే చూశాను. అన్నీ తెలిసిన తర్వాత కూడా, ఆ కప్పులు తీసే చెయ్యి నాది కాలేదే అని కుళ్ళుకున్నాను.

చిక్కుడుకాయల కూర చప్పగా ఉంది. మూడుసార్లు వేయించుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మధ్యలో మా ఆయన ఆగి, “ఫోన్ చేసి రావడం లేదని చెప్పమంటావా?” అన్నారు మెల్లగా.

“ఎలా చెప్తారు? అక్కడ మాటిచ్చారు. ఇక్కడ మీ చోటులోకి ఇంకొకాయన వచ్చేస్తున్నాడు.”

అటుగా పోతున్న ట్రక్కువాడు స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపాడు. మేమిద్దరం చేతులు ఊపి పక్కకి తప్పుకున్నాం. నెలాఖరుకి విల్లోఫోర్డ్ వదిలిపెట్టాం.

ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగితే చాలు, తెలుగే. వారానికి రెండు పిలుపులు. డిన్నర్‌కి రండి అంటే ఇక్కడ ఎవరైనా రాత్రికే వస్తారు, అదీ గంట ఆలస్యంగా. అందరికీ నా పేరు వచ్చు. మా తోటికోడలు కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను పరిచయం చేస్తూ, పాపం ఎక్కడో అడవిలో ఏడేళ్ళు మగ్గిపోయింది అని చెబుతుంది. నేను కాదనను.

ఆదివారం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి నాకు చేతిలో పని సాగదు. ఇక్కడ ఒంటిగంట అంటే అక్కడ పన్నెండు. ఆ వేళ చేయకూడదని తెలిసీ అలేఖ్యకి సరిగ్గా అప్పుడే ఫోన్ చేస్తాను. ఎత్తుతుంది. వెనకాల సైరన్ కూస్తూ ఉంటుంది. అది ఆగేదాకా తనూ మాట్లాడదు, నేనూ మాట్లాడను. కుర్చీలు జరిపిన చప్పుడు, పళ్ళేల చప్పుడు, ఎవరని అడుగుతున్న వెర్నా గొంతు అన్నీ వినిపిస్తాయి.

“అక్కా, డిన్నర్‌ల ఉన్నం. మళ్ళ చేస్తా” అంటుంది అలేఖ్య.

“తెలుసులే” అంటాను.